స్వెటర్ల కింద

జులై 4
పిల్లదానికి మళ్ళీ జ్వరం. ఏడాదిన్నర పిల్ల, దగ్గితే ఒళ్ళంతా అదిరిపోతోంది. డాక్టరు వైరల్ అన్నారు, సిరప్ రాసిచ్చారు. థర్మామీటర్ చూసి హడలిపోవద్దు, ఊపిరి ఎలా తీస్తోందో చూస్తూ ఉండమన్నారు. డొక్కలెగరేసినా, పాలు తాగకపోయినా వెంటనే తీసుకురమ్మన్నారు.

ఇంటికి రాగానే అత్తయ్య కిటికీలన్నీ బిగించేశారు. తలుపు కింద సందులో పాత చీర కుక్కారు. పిల్లదానికి స్వెటర్, దాని మీద ఇంకో స్వెటర్, తలకి టోపీ. ముక్కు తప్ప ఏమీ కనబడటం లేదు.

జులై 5
గదిలో ఒకటే ఉక్క. ఫ్యాన్ వెయ్యకూడదు. స్నానం మాట ఎత్తకూడదు. నేను తిరిగితే గాలి లోపలికొస్తుందట, అందుకని నేనూ లోపలే. సూపర్‌మార్కెట్ మేనేజరు ఫోన్ చేసి, బిల్లింగ్ కౌంటర్‌కి ఎప్పుడొస్తావన్నాడు. మా అత్తయ్యని అడగండి అందామనుకున్నాను. సారీ సర్ అన్నాను.

లారీ మీద వెళ్ళిన మా ఆయన ఫోన్‌లో, అమ్మ చెప్పినట్టు విను అన్నారు. గొప్ప సలహా.

స్వెటర్లు విప్పేస్తానని గట్టిగానే అన్నాను. అత్తయ్య పోట్లాడలేదు. తన మొదటి బిడ్డ చలిగాలి తగిలే పోయాడని చెప్పారు. వాడికీ ఇదే వయసట. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నాకు ఎవరూ చెప్పలేదు. స్వెటర్లు అలాగే ఉంచేశాను.

జులై 6
ఊపిరాడటం లేదు. నాకు.

జులై 7, ఉదయం
దగ్గు తగ్గింది. ఒళ్ళు కూడా కాస్త చల్లబడింది. అత్తయ్య చూశావా అన్నట్టు చూశారు. నాకూ హాయిగానే ఉంది, అబద్ధమెందుకు. ఏడవకుండా పడుకుంది నా తల్లి.

జులై 7, సాయంత్రం, ఆసుపత్రి
పాలు పట్టబోతే రెండు గుక్కలకే మొహం తిప్పేసుకుంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. దగ్గు తగ్గి కాదు, దగ్గే ఓపిక లేక ఊరుకుందని అప్పుడు తట్టింది. అత్తయ్య వంటింట్లో ఉన్నారు. స్వెటర్లు రెండూ లాగేశాను.

ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. పైన అన్ని బట్టలుంటే ఎవరికి కనబడుతుంది?

అత్తయ్య వచ్చి కేకలేస్తారనుకున్నాను. పిల్లదాని డొక్కల వైపే చూస్తూ నిలబడిపోయారు.

"వాడికీ ఇలాగే లోపలికి పోయేవే అమ్మాయ్. నేను ఇంకో దుప్పటి కప్పాను."

ఆ తర్వాత తలుపు ఆవిడే తీశారు. పిల్లదాన్ని భుజాన వేసుకుని, చెప్పులు కూడా లేకుండా ఆటో కోసం పరిగెత్తారు. ఆవిడ వెనకాల నేను.

జులై 8
న్యుమోనియా. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. వార్డులోకి ఒక్కరినే రానిస్తున్నారు. మంచం పక్క స్టూల్, కాళ్ళు చాపుకునే చోటు లేదు. అత్తయ్య బయట మెట్ల మీద కూర్చున్నారు, ఇంటికెళ్ళమంటే కదలరు. ఇంకాస్త ఆలస్యమైతే అని మొదలుపెట్టి డాక్టరు ఆగిపోయారు.

జులై 9
అలాగే ఉంది.

జులై 11
గొట్టం తీశారు. అత్తయ్యని లోపలికి రానిచ్చారు. నర్సు సూది పొడిచిందో లేదో, పిల్లది ఆరున్నొక్క రాగం అందుకుంది. వార్డంతా మావైపే చూసింది. ఊరుకోబెట్టబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏడవనీ" అన్నారు.