పసుపు చేనులో లేతాకులు

పాప నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున నీ పటం ముందు అన్నం పెట్టి, అందరం పసుపు చేనికి పోయాము. లేతాకులు తెల్లగా పాలిపోయాయి. ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా ఉన్నాయి. మామ యూరియా సంచి విప్పాడు. యూరియా చాలకపోతే ముదురాకు ముందు పండుతుందని, ఇనుము చాలకపోతే లేతాకు పాలిపోతుందని నువ్వు నా చేతిలో ఆకు పెట్టి చూపించావు. మామతో నేనెప్పుడూ ఎదురుగా మాట్లాడలేదు కదా, అత్త చెవిలో చెప్పాను.

"యూరియా వద్దంటాంది నీ కోడలు," అంది అత్త.

"మరేం ఎయ్యాలంట? అడుగు."

"ఇద్దరూ ఈడే ఉండారు. నడుమ నేనేమన్నా ఫోన్‌నా?"

నేను అత్త పక్కనుంచి ఒకడుగు ముందుకు వేశాను. "ఇనుము చాలక ఇట్లయింది మామా. ఇనుముండే అన్నభేది, నిమ్మ ఉప్పు నీళ్లలో కలిపి కొట్టాల."

మామ యూరియా సంచి మూతి మళ్లీ కట్టేశాడు. "కొట్టు. ఆకు రంగు తిరక్కపోతే దున్నేసి కౌలుకిచ్చేస్తా. నిన్నూ పాపనూ మీ నాయన తీస్కపోతాడు."

ఆళ్లగడ్డ నుంచి మందు తెప్పించుకుని సాయంత్రం నేనే కొట్టాను. ఇప్పుడు అహోబిలం కొండల వైపు మబ్బు పట్టింది. వాన పడితే మందంతా కడుక్కుపోతుంది. మళ్లీ ఎన్నాళ్లకు కొట్టాలో నువ్వు చెప్పలేదు. ఇంకెవరిని అడిగేది?