నా చేత్తో బిగించిన డిష్

జూన్ 3, ఆదివారం. సాయంత్రం 5.00
డిష్ నేనే బిగించాను! ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఉపగ్రహాల పాఠం చెబుతున్నదాన్ని, ఒక ఉపగ్రహం వైపు రేకు తిప్పలేనా? ఒక దిక్సూచి, ఒక స్పానర్, రెండు గంటలు. సిగ్నల్ ఎనభై ఆరు శాతం!
తుంటి విరిగి మూడు నెలలుగా మంచం మీదే ఉన్న మామయ్యగారి గదిలో టీవీ వెలిగింది. "అమ్మాయ్, వార్తలు చదివేవాడి మీసం వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు!" అన్నారు.
5.40. కంపెనీ నుంచి ఫోన్. "సొంతంగా బిగించుకున్నారు కదండీ, ప్రొటెక్షన్ ప్లాన్ తీసుకోండి. ఏ ఇబ్బంది వచ్చినా మా మనిషే ఇంటికొస్తాడు." నవ్వి పెట్టేశాను.
తీర్మానం: ఈ డిష్ మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదు.

జూన్ 6, బుధవారం
గాలి. బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయింది. ఐదు నిమిషాల పని. మేడ ఎక్కాను, కాస్త తిప్పాను, దిగాను. మళ్లీ ఎక్కాను.
మా ఆయన: "ఆ ప్లానేదో తీసుకుని ఉంటే..."
ఒక చూపు చూశాను.

జూన్ 7, గురువారం. ఉదయం 6.30
సిగ్నల్ సున్నా. తప్పు నాది కాదు. మబ్బులది.
సాయంత్రం 6.00. మబ్బులు పోయాయి. సున్నాయే. ఎదురింటి నీళ్ల ట్యాంకు అడ్డొస్తున్నట్టుంది. (అది పదేళ్లుగా అక్కడే ఉంది. అయినా సరే.)

జూన్ 8, శుక్రవారం
ఏడుసార్లు ఎక్కి దిగాను. ఏడోసారి మేడ మీద నుంచి అరిచాను. "మామయ్యా, వచ్చిందా?"
"వచ్చింది!"
"బాగుందా?"
"అద్దంలా ఉంది!"
గెలిచాను!! స్పానర్ తుడిచి బీరువాలో పెట్టాను.

జూన్ 11, సోమవారం
బడి నుంచి వచ్చేసరికి ఇవాళ కూడా టీవీ కట్టేసి ఉంది. "ఇప్పటిదాకా చూశానమ్మా, కళ్లు లాగుతున్నాయి" అన్నారు మామయ్యగారు. అన్నం తింటూ వార్తలన్నీ చెప్పారు. ఎక్కడో నడిసముద్రంలో కొత్త దీవి పుట్టిందట. అప్పుడే దాని మీద రెండు పక్షులు కూడా వాలాయట.

జూన్ 12, మంగళవారం. సాయంత్రం 5.30
స్టాఫ్ రూములో దీవి సంగతి గొప్పగా చెప్పాను. లెక్కల మాస్టారు కళ్లజోడు తీసి నా వైపు చూశారు. "ఏ దీవి టీచర్? నేను రోజూ మూడు చానళ్లు చూస్తాను."
ఇంటికొచ్చి నేరుగా మామయ్యగారి గదిలోకి వెళ్లి రిమోట్ నొక్కాను. నీలం తెర. 'సిగ్నల్ లేదు.'
"ఎన్నాళ్లుగా?"
"గురువారం నుంచి."
"మరి వచ్చిందన్నారు!"
"ఏడుసార్లు ఎక్కి దిగావు. మెట్ల మీద నీ ఆయాసం ఇక్కడిదాకా వినిపించింది. వచ్చిందనక ఏమనమంటావు?"
ఆరు రోజులు. పక్కకు తిరగడానికి కూడా మనిషి సాయం కావలసిన మనిషి, పైకప్పు చూస్తూ పడుకుని నా కోసం ఒక దీవి పుట్టించారు. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాను.
6.10. కంపెనీకి నేనే ఫోన్ చేశాను. ప్లాన్ కావాలన్నాను.
"మీకు ఉందండీ! మూడో తేదీ సాయంత్రమే తీసుకున్నారు. మీరు పెట్టేశాక ఎవరో పెద్దాయన ఫోన్ చేశారు."
"మామయ్యా!"
"నీ మీద నమ్మకం లేక కాదమ్మా. గాలి మీద లేక."
"మరి మెకానిక్‌ని పిలవలేదేం?"
"డిష్ నీది. నువ్వు పిలవకుండా నేనెలా పిలుస్తాను?"

జూన్ 14, గురువారం
మెకానిక్ వచ్చాడు. పది నిమిషాల పని. "స్టాండు బాగా నిలబెట్టారు మేడమ్, కేబుల్ కూడా చక్కగా కలిపారు. వెనక ఈ ఒక్క బోల్టు బిగించడం మర్చిపోయారు. గాలి వీచినప్పుడల్లా డిష్ తిరిగిపోతోంది."
సిగ్నల్ తొంభై ఒకటి. నాకన్నా ఐదు ఎక్కువ. కాగితం మీద సంతకం పెట్టాను.

జూన్ 16, శనివారం. సాయంత్రం 6.00
రెండు రోజులుగా బొమ్మ ఒక్కసారి కూడా వణకలేదు. భరించలేకపోతున్నాను. ఆ తొంభై ఒకటి అతనిది. ఒక్క బోల్టు! తీర్మానం ఓడిపోలేదు, ఒక బోల్టు తక్కువైంది, అంతే.
రేపటి నుంచి ఈ డిష్ మీద ఇంకో చెయ్యి పడదు.
స్పానర్ వెనక్కి దాచుకుని మామయ్యగారి గుమ్మంలో నిలబడ్డాను. ఎలా అడగాలో తెలియలేదు. ఆయనే టీవీ కట్టేశారు.
"రేపు ఆదివారమేగా. ఎండెక్కకముందే విప్పుకో. ఈసారి మాత్రం రాకపోతే రాలేదనే అరుస్తాను."