పైఇంటి తాళం

ఠాణే జిల్లా భివండి పద్మనగర్‌లో, కింద సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానా నడిచే బిల్డింగులో, మొదటి అంతస్తున కాపురముంటున్న ఎలిగేటి ఓదెమ్మ అనే నేను, కీర్తిశేషులు కొమురయ్య భార్యను, వయసు సుమారు యాభై ఎనిమిదేళ్లు, తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా నోటితో చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. నాకు చదువు రాదు. రాసిన ప్రతి మాటా నాకు చదివి వినిపించారు. మనసు స్థిమితంగా ఉన్నదా అని రాసేవారు అడిగారు. ఉన్నది. భయం కూడా ఉన్నది. భయపడే మనిషి రాయించిన వీలునామా చెల్లదని ఎక్కడా లేదట. అడిగి తెలుసుకున్నాను.

వచ్చే సోమవారం ఠాణేలో నా గుండెకు ఆపరేషన్. నాకు కత్తి భయం లేదు, మత్తుమందు భయం లేదు. నేను తిరిగి రాకపోతే మా పైఇంటి తలుపుకు మళ్లీ తాళం పడుతుందని భయం. ఆ భయం కోసమే ఈ కాగితం.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా తమ్ముడు సిద్ధిరాములుది. అతనికి కోపం తొందరగా వస్తుంది కానీ మాట తప్పడు. నా కొడుకు మంచివాడే. మంచివాడు కాబట్టే ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకు సరేనంటాడు. అందుకే కొడుకును కాదని తమ్ముడికి అప్పగిస్తున్నాను.

2. ఆస్తి సంగతికి ముందు కారణం రాయాలి. లేకపోతే నా కొడుకు రమేశ్, అమ్మకు చివరికి మతి చలించిందని అనుకుంటాడు.

మా పైన రెండో అంతస్తులో దానియేలు, అతని భార్య జాస్మిన్, వాళ్ల పిల్లలు ఏంజెలీనా, షాలేమ్ ఉంటారు. దానియేలు కాల్హేర్ గోదాముల్లో లారీలకు మాలు ఎక్కిస్తాడు. ఏంజెలీనా మధ్యాహ్నం బడి నుంచి రాగానే జాస్మిన్ కూడా అక్కడికే డబ్బాలు కట్టే పనికి పోయేది. పోతూ పిల్లలిద్దరినీ లోపల పెట్టి బయట తాళం వేసేది. వేయక ఏం చేస్తుంది? మా మెట్లకు పక్కన పట్టుకునే కడ్డీలు విరిగిపోయి ఏళ్లయింది. ఎదురింటి పిల్లవాడు అక్కడి నుంచే పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు.

తాళం పడిన క్షణం నుంచి సాయంత్రం దాకా నా నెత్తి మీద పరుగులే. ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు. పిల్లలు కదా, ఆడుకుంటారు, అది నాకూ తెలుసు. కానీ పరుగెత్తే కాళ్ల చప్పుడంటే నాకు ఒళ్లు చల్లబడుతుంది. ఎనభై నాలుగులో ఊళ్లో అల్లర్లయినప్పుడు కొమురయ్య డ్యూటీ మీద ఊరి ఆ చివర కార్ఖానాలో చిక్కుపడ్డాడు. ఐదేళ్ల రమేశ్‌ను పట్టుకుని నేను అప్పట్లో మేమున్న చాలులో, అంటే వరుస గదుల ఇళ్లలో, అటక మీద నూలు మూటల వెనక దాక్కున్నాను. కింద గల్లీలో జనం పరుగెత్తారు. ఇటు నుంచి అటు, మళ్లీ అటు నుంచి ఇటు. బిడ్డ ఏడవకుండా నోరు మూసి పట్టుకున్నాను, ఊపిరి ఆడుతున్నదో లేదో కూడా చూసుకోలేదు. మా తలుపు ఎవరూ కొట్టలేదు. కర్ఫ్యూ సడలించినప్పుడు కొమురయ్య నడుచుకుంటూ వచ్చాడు. మాకేమీ జరగలేదు. కానీ ఆ కాళ్లు మాత్రం నా చెవుల్లోనే ఉండిపోయాయి.

ఈ సంగతి నేను దానియేలు వాళ్లకు చెప్పలేదు. చెప్పడానికి సిగ్గు. చెప్పకుండా పోట్లాడాను. చీపురు కర్రతో కప్పు పొడిచేదాన్ని. పైన ఒక్క గడియ ఆగేవాళ్లు, మళ్లీ మొదలు. జాస్మిన్ పనికి పోతూ మెట్ల మీద ఆగి అనేది: "పెద్దమ్మా, కాళ్లు గట్టేసి పొమ్మంటవా? పిల్లలాయె." నేను, "నాకు గుండె దడ బిడ్డా, జర మెల్లగ ఉండుమని చెప్పు" అనేదాన్ని. ఆమె చెప్పేది. వాళ్లు వినేవాళ్లు కాదు.

3. పోయినేడు వానాకాలంలో ఒక శుక్రవారం జరిగింది ఇక్కడ రాయిస్తున్నాను. రమేశ్ ఆ రోజు ఊళ్లో లేడు. ఎవరెవరో చెప్పగా విన్నాడు. నేను చెప్పేది ఇదే మొదటిసారి.

మాకు ప్రతి శుక్రవారం కరెంటు ఉండదు, సాంచాలు బంద్. కార్ఖానా ఆగితే బిల్డింగులో గ్లాసు పెట్టిన చప్పుడు కూడా వినపడుతుంది. మధ్యాహ్నం తిని పడుకున్నాను. పైన కాళ్లు ఎప్పటిలాగే పరుగెత్తుతున్నాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి.

నాకు హాయి అనిపించాలి కదా. అనిపించలేదు. లేచి కూర్చున్నాను. పిల్లలు నిద్రపోయే ముందు నెమ్మదిస్తారు, ఒకరు ఆగితే ఇంకొకరు ఏడుస్తారు. ఇది అట్లా లేదు. ఇద్దరి కాళ్లూ ఒక్కసారే ఆగాయి. కప్పు వంక చూస్తూ కూర్చున్నాను. చీపురు కర్ర తీసి కప్పు పొడిచాను. జవాబు లేదు.

అప్పుడు మా మోరీలో, అంటే గిన్నెలు కడుక్కుని స్నానం చేసే మూలలో, పైపు టంగుమని మోగింది. మళ్లీ మోగింది. పైఇంటి మోరీ నీళ్లు ఆ పైపు గుండానే కిందికి పోతాయి. వెళ్లి పైపుకు చెవి ఆనించాను. లోపల నుంచి ఏంజెలీనా గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది: "అవ్వా! పొగ! బహుత్ పొగ అయితాంది, దర్వాజా తియ్!"

తర్వాత తెలిసింది, తమ్ముడు ఆకలి అంటే అన్నం వెచ్చబెడదామని ఆ పిల్ల కిరోసిన్ స్టవ్ ముట్టించింది. కిరోసిన్ ఒలికింది. దండెం మీది బట్టలు అంటుకున్నాయి. తలుపు వైపు మంట, కిటికీకి ఇనుప జాలి. ఆ పిల్ల తమ్ముణ్ణి మోరీలోకి లాగి, మోరీ తలుపు మూసి, తడి తువ్వాలు మూతికి పెట్టి, చెంబుతో పైపు కొట్టింది. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ తెలివి ఎవరిచ్చారో నాకు తెలియదు. జాస్మిన్ ప్రభువు ఇచ్చాడంటుంది. నేను కాదనను.

నేను మెట్లెక్కాను. ఎట్లా ఎక్కానో జ్ఞాపకం లేదు. తలుపు కింద నుంచి పొగ. తాళం పట్టుకుంటే చెయ్యి కాలింది. అరిచాను. కింద కార్ఖానాలో మిషన్లు బాగుచేసుకుంటున్న కనుకయ్య సుత్తి పట్టుకుని వచ్చి గొళ్లెం పగలగొట్టాడు. తలుపు తెరుచుకోగానే పొగ మా మీద పడింది. అతను గోనెసంచి కప్పుకుని లోపలికి పోయాడు. ముందు షాలేమును, తర్వాత ఏంజెలీనాను తెచ్చాడు. పిల్లదాని ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. బిల్డింగంతా నేనే కాపాడానని చెప్పుకుంటారు. నేను గడప దాటలేదు, నా కాళ్లు కదలలేదు. వీలునామాలో ఉన్నది ఉన్నట్టే ఉండాలి.

ఆ రోజు శుక్రవారం కాబట్టి విన్నాను. మిగతా ఆరు రోజులూ కింద సాంచాలు నడుస్తుంటే నా పక్కన మనిషి పిలిచినా నాకు వినపడదు. పైపులోంచి పిలిస్తే ఏం వినపడుతుంది? ఏడాది నుంచి నా గుండె మీద కూర్చున్నది ఈ మాటే. కార్ఖానా నడుస్తున్నప్పుడు ఇప్పటికీ లేచి వెళ్లి పైపుకు చెవి పెడతాను. సాంచాల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఏమీ వినపడలేదంటే ఏమీ లేదని అర్థం కాదు కదా అని మళ్లీ పెడతాను.

ఆస్పత్రి నుంచి వచ్చాక జాస్మిన్ మా గడపలో కూర్చుని ఏడ్చింది. "తాళం ఎయ్యకుంటే మెట్ల మీదికెళ్లి పడ్తరు, ఏస్తే కాల్తరు. పనికి పోకుంటే తిండి లేదు. నేనేం జెయ్యాలె పెద్దమ్మా?" అన్నది. "నా ఇంట్ల ఇడిసి పో" అన్నాను. ఆ మరునాటి నుంచి ఇద్దరూ మా ముందు గదిలోనే. వాళ్లను చూసి మూడో అంతస్తు వాళ్లు కూడా తమ పిల్లలను దింపిపోయారు. నెత్తి మీది పరుగులు ఇప్పుడు నా మంచం చుట్టూ. నాకు అలవాటయిందని అందరూ అనుకుంటారు. కాలేదు. ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది. అయినా ఆ కాళ్లు నా కళ్ల ముందు ఉన్నాయి, ఎవరివో తెలుసు.

4. నా భర్త తన కష్టార్జితంతో బిల్డింగు యజమాని దగ్గర కొన్న ఈ రెండు గదుల ఇల్లు రమేశ్‌కూ అతని భార్యకూ సమానంగా చెందుతుంది. షాలేముకు పన్నెండేళ్లు నిండే వరకు దీన్ని అమ్మకూడదు. ముందు గది మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు, బిల్డింగులో తల్లిదండ్రులు పనికి పోయిన పిల్లల కోసం తెరిచి ఉండాలి. పెద్ద మనిషి ఒకరు తప్పక ఉండాలి. లోపలి గది కొడుకూ కోడలిది, అందులోకి పిల్లలు పోకూడదు.

రమేశ్ నాతో అన్నాడు: "ఇది అమ్మేసి కాల్హేర్‌ల ఖోలీ దీస్కుందామే. ఈ లొల్లిల నీ గుండె ఆగిపోతది." నా మీద ప్రేమతోనే అన్నాడు. కానీ కొంటానన్న ఆసామి ఇక్కడ నూలు బేళ్లు నింపుతాడట. కిందా నూలే, మధ్యలో నూలే, పైన తాళం వేసిన పిల్లలు. అది తలుచుకుంటే నాకు అన్నం దిగదు. గడువు తీరాక అమ్ముకోవచ్చు. అప్పుడు కూడా నూలు నింపేవాడికి అమ్మకు బిడ్డా.

5. నా నూలు కండెలు చుట్టే మిషను జాస్మిన్‌కు. ఇంట్లో కూర్చుని చుట్టవచ్చు, గోదాముకు పోనవసరం లేదు. ముందు గది చూసుకునే పెద్ద మనిషి ఆమే కావచ్చు. అందుకు నా కోడలు ఒప్పుకున్నది. మొదట ఒప్పుకోలేదు. "నీకు మనుమలైతే ఏడ ఆడుకుంటరు అత్తమ్మా, పరాయి పిల్లలతోని గది నిండినంక?" అన్నది. వాళ్లతోనే ఆడుకుంటారన్నాను.

6. నా వెండి పట్టీలు ఏంజెలీనాకు. కాలిన చేతికి పెళ్లి సంబంధాలు రావని ఎవరో ఆ పిల్ల ముందే అన్నారట. పెళ్లి కోసం దాచిపెట్టకండి, ఇప్పుడే తొడగండి. పెద్దవైతే దారం చుట్టి బిగించండి. షాలేముకు కొమురయ్య టార్చిలైటు. చీకటంటే వాడికి అప్పటి నుంచి భయం.

7. మా వదిన గంగాబాయి నా ఇత్తడి బిందె తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. వాళ్లింటికి పోయినప్పుడల్లా చూస్తాను, తళతళా తోమి పెట్టుకుంటుంది. "ఊరోళ్ల పిల్లలకు ఆయమ్మ అయినవు" అని నలుగురిలో నన్ను చూసి నవ్వింది కూడా. ఆ బిందె ఇక ఆమెదే. బతికి ఉండగా అడిగాను, చచ్చాక అడగను. నవ్విన మాట మాత్రం మరిచిపోలేదు.

8. కనుకయ్యకు ఏమీ రాయలేదు. సాక్షి సంతకం పెట్టేవారికి ఆస్తి రాయకూడదని రాసేవారు చెప్పారు. సంతకం పెడతావా, ఏమన్నా తీసుకుంటావా అని అడిగితే, "సంతకమే పెడ్త అక్కా, నాకేం వద్దు" అన్నాడు.

9. బిల్డింగు యజమాని నా చావుకు వస్తే రానివ్వండి. మెట్ల కడ్డీలు పెట్టించే దాకా నా కోసం అతను తెచ్చిన పూలదండ మాత్రం తీసుకోకండి.

10. చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. నేను పోతే నన్ను పద్మనగర్ నుంచి మోసుకుపోతారు. బిల్డింగంతా వెంట వస్తుంది. కొమురయ్యప్పుడు అట్లాగే వచ్చారు. శవాన్ని చూస్తే జడుసుకుంటారని పిల్లలను ఇళ్లల్లో పెట్టి తాళాలు వేస్తారు. బిల్డింగులో పెద్దవాళ్లు ఒక్కరూ ఉండరు. కార్ఖానా వాళ్లు నా కోసం ఒక పూట సాంచాలు ఆపితే ఆపుతారు, లేకపోతే లేదు. ఆ పూట తలుచుకుంటేనే నాకు చావంటే భయమేస్తున్నది.

కాబట్టి ఆ పూట ఏ తలుపుకూ తాళం పడకూడదు. తమ్ముడూ సిద్ధిరాములూ, తోడబుట్టినవాడివి, ముందు భుజం నీదే కావాలి. అయినా నువ్వు నా వెంట రావద్దు. పిల్లలందరినీ మా ముందు గదిలో కూర్చోబెట్టి, నేను కాలి బూడిదయ్యి అందరూ తిరిగి వచ్చేదాకా, నువ్వు గడపలో కూర్చో. వాళ్లు పరుగెత్తితే పరుగెత్తనీ.

భివండి, 2003వ సంవత్సరం జూలై నెల 18వ తేదీ, శుక్రవారం.

ఎలిగేటి ఓదెమ్మ ఎడమచేతి బొటనవేలి నిశాని

మా ఎదుట నిశాని వేయగా చూసిన సాక్షులు:
1. కనుకయ్య, సాంచాల మేస్త్రీ, పద్మనగర్ (సంతకం)
2. పెద్దులు, కిరాణా దుకాణం, పద్మనగర్ (సంతకం)