వినాయకుని వాహనానికి పాయసం

ప్రొద్దుటూరు, శుక్రవారం

అమ్మకు నమస్కారాలు. నేను కులాసా. కాన్వెంటు సిస్టరు ఇచ్చిన నా తెల్లెలుక మాత్రం చావుబతుకుల్లో ఉంది. చవితినాడు నేను వద్దంటున్నా అత్త దాని బోనులో ఉండ్రాళ్ళు, పాయసం పెట్టింది. తెల్లారేసరికి విరేచనాలతో తోకంతా తడిసి, వెంట్రుకలు నిక్కి, మూలకు ముడుచుకుంది. అడిగితే, "ఏంది మే, స్వామి వాహనానికి స్వామి ప్రసాదమే పడదా? శానా సదివినావులే!" అంది. ఒళ్ళు తుడిచి, ఇంకు ఫిల్లరుతో కాచి చల్లార్చిన నీళ్ళు చుక్కలుగా పోస్తున్నాను. నీరసం పోవడానికి రేపు మళ్ళీ పాయసం పెడుతుందట!

నాన్న దగ్గు తగ్గిందా? బోనులో పరవడానికి నా పాత స్వెట్టరు పంపు. చెల్లికి ముద్దులు.

అత్త ముఖాన అనలేకే కవరు మాని కార్డు రాశాను. పోస్టు చేసేముందు మామయ్య దీన్ని అత్తకు చదివి వినిపిస్తాడు. వినిపించనీ.

నీ కూతురు,
సుగుణ