కూర గిన్నెలు తిరిగే వీధి

1983 ఆగస్టు 8, సోమవారం
ఇంటర్వ్యూ కార్డు వచ్చింది! టౌన్ ప్లానింగ్ ఆఫీసులో అసిస్టెంట్ ప్లానర్. వచ్చింది అంటే, పైడమ్మత్త ఇంటికి వచ్చింది. పట్టాలో మాకిచ్చిన నంబరు స్థలంలో ఇప్పుడుంటున్నది ఆవిడే మరి. స్టీలు ఫ్యాక్టరీ కింద మా ఊరు పోయాక ఈ కాలనీలో చీటీలు తీసి స్థలాలిచ్చారు. మావాళ్ళు ఊరుకుంటారా? పాత ఊళ్ళో ఎవరి పక్కన ఎవరున్నారో అలాగే ఉండేలా తమలో తాము మార్చేసుకుని కట్టుకున్నారు. పోస్టుమాన్‌కి మేమంటే ఇప్పటికీ హడలు.
"ఉజ్జోగం వొచ్చీసిందేటే నరసమ్మా?" అంది అత్త. రాలేదత్తా, పిలిచారంతే.

ఆగస్టు 9
సొంతంగా గీసిన ప్లాను ఒకటి పట్టుకెళ్ళాలట. మిగతావాళ్ళు పార్కులూ కూడళ్ళూ గీసుకొస్తారు. నేను మా వీధి గీస్తాను.

ఆగస్టు 11
ట్రేసింగ్ కాగితం మీద నల్ల సిరాతో ఇళ్ళు, వాటి నంబర్లు, పైన కాలనీ పేరు. ఎర్ర సిరాతో దారులు... సాయంత్రం కూర గిన్నె ఏ గుమ్మం నుంచి ఏ గుమ్మానికి వెళ్తుందో. పైడమ్మత్తకీ ఎదురింటి వాళ్ళకీ మాటల్లేవు. అయినా గిన్నె వెళ్తుంది — మా ఇంటి మీదుగా! ఆ గీత వంకర పోయింది. బ్లేడుతో గోకి మళ్ళీ గీశాను, కాగితం చిరగలేదు. నా చెయ్యి మంచిది. ఎవరూ అనకపోతే నేనే అంటాను.

ఆగస్టు 13, శనివారం
ద్వారకా నగర్‌లో అక్క వాళ్ళింట్లో రిహార్సలు. బావ కుర్చీలో ఆఫీసరులా కాలు మీద కాలేసుకుని—
"సెప్పమ్మా, బస్టాండు ఎక్కడ పెట్టాల?"
"నీ కిటికీ కింద బావా. అప్పుడైనా టైముకి లేస్తావు."
అక్క పడీ పడీ నవ్వింది. "ఈ నోరు అట్టుకెళ్తే వొచ్చినట్టే ఉజ్జోగం" అన్నాడు బావ.

ఆగస్టు 14
నాన్న షీటు చూశాడు. మా ఇల్లు వేలితో చూపించి మురిసిపోయాడు. అంతలోనే మొహం మాడింది.
"స్తలాలు మార్సుకోకూడదని పట్టాలోనే ఉందే. ఇది ఆఫీసర్లు సూత్తే తెలిసిపోద్ది. పట్టాలు లాగీసుకుంటే ఈదంతా ఏటైపోవాల?"
నిజమే. భయం వేసింది. వేరే ఏదైనా గీయనా... వద్దు. ఇంతకంటే మంచి పని నేను చెయ్యలేదు. ఇళ్ళ నంబర్లు గోకేశాను, కాలనీ పేరు కూడా.

ఆగస్టు 17, బుధవారం
బల్ల అవతల ముగ్గురు. నడిమాయన షీటు మీద వంగి ఎర్రగీతలేమిటన్నాడు. చెప్పాను. నవ్వలేదు. కొత్త కాలనీ వేసేటప్పుడు చీటీలు తియ్యొద్దండీ, ఎవరి పక్కన ఎవరుంటారో వాళ్ళనే అడగండి అన్నాను. ఎంత బాగా చెప్పానో!
"బాగుంది. ఇది ఏ కాలనీ? నంబర్లేవి?"
"గీసింది నిజం సార్. ఎక్కడో చెప్తే వాళ్ళకి నష్టం. చెప్పను."
"ఉద్యోగం ఇచ్చాక అడిగితే?"
"అప్పుడూ చెప్పను సార్."
పెన్నుకి మూత పెట్టేశాడు. ఇక వెళ్ళొచ్చన్నాడు. మెట్లు దిగుతుంటే తల దించుకోవాలనిపించలేదు.

ఆగస్టు 18
పొద్దున్నే నాన్నకి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. కండువా భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళాడు. ఒక్క గుమ్మం వదలటం లేదు. ఇక్కడికి వినిపిస్తోంది—
"అంతమంది ఆఫీసర్లు అడిగినా మా పిల్ల మన పేరు సెప్పనేదు! ఉజ్జోగం పోతే పోనీ అనీసింది!"
వింటుంటే ఒళ్ళు పొంగిపోతోంది. కానీ నాన్నా... పోతే పోనీ అని నేను అనలేదు. నాకా ఉద్యోగం కావాలి. చాలా కావాలి.