యోహాను గారి నాలుగు టైలు

రాజమహేంద్రవరం,
మంగళవారం, వాన తెరిపిచ్చిన పూట.

ప్రభువునందు ప్రియమైన అన్నయ్యకి, చెల్లెలు మార్తమ్మ చేతులు జోడించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ మా ఆయనా ప్రాణాలతో ఉన్నాం. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? వదినకి నెలలు నిండాయా? చిట్టి లేసు అల్లడం నేర్చుకుంటోందా? మీ కబురు తెలిసి నెల దాటింది.

నరసాపురం పడవవాళ్ళు మన పేటలో ఏం చెప్పి ఉంటారో నాకు తెలుసు. మార్తమ్మ మనిషిని పొడిచిందని చెప్పి ఉంటారు. అది నిజమే. జైల్లో పెట్టారని కూడా చెప్పి ఉంటే అది అబద్ధం. ముందు ఆ మాట అమ్మతో చెప్పు, తర్వాత మిగతాది చదివి వినిపించు. చివర్లో నీకు మాత్రమే రాసిన సంగతి ఒకటి ఉంది. అక్కడికి రాగానే పైకి చదవడం ఆపెయ్యి.

మా కొట్టు కోర్టుకి వెళ్ళే వీధిలో ఉంది. ముందుగదిలో మిషను, వెనకగదిలో పొయ్యి. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి, కుండలో ఎంతసేపు తేర్చినా అడుగున బురదే. బజార్లో ఎండురొయ్యలు దొరుకుతాయి గానీ మన ఒడ్డు రుచి లేదు. పలకరించడానికి ఆడదిక్కు లేదు. అక్కడ పదిమందిమి కూర్చుని లేసు అల్లుతూ ఎన్ని కబుర్లు చెప్పుకునేవాళ్ళం! ఇక్కడ పగలంతా మిషను చప్పుడే నాకు తోడు. అలవాటు పడుతున్నాను, దిగులు పడకండి.

యోహాను అని కోర్టులో కొత్తగా చేరిన గుమాస్తా ఒకాయన ఉన్నారు. పట్టుమని పాతికేళ్ళు లేవు. పుట్టింది మనలాంటి పేటలోనే. వాళ్ళ నాన్న దిగువన ఒక ఊళ్ళో పెద్దరైతు ఇంట్లో పాలేరు. మొదటిసారి కొట్టుకి వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబడిపోయారు.

“నాకు కోటు ఒక్కటే ఉందండి. రోజూ అదే వేసుకెళ్తే తోటివాళ్ళు నవ్వుతున్నారు. ఏంటండీ దారి?” అని మా ఆయన్ని అడిగారు.

మా ఆయనకి వెంటనే మాట తోచదు కదా, నేనే అందుకున్నాను. “కోటు మార్చలేకపోతే మెడ దగ్గర మార్చండి. నాలుగు టైలుంటే చూసేవాళ్ళకి నాలుగు కోట్లున్నట్టే” అన్నాను.

ఆయన నవ్వేశారు. నెలకొకటి చొప్పున కుట్టేలా మాట్లాడుకున్నాం. మొదటిది ముదురు నీలం, రోజువారీకి. సిరా చుక్క పడ్డా కనపడదు. రెండోది నల్లది, జడ్జీ దొర ముందు నిలబడే రోజుకీ సమాధుల దొడ్డికీ. మూడోది తెల్ల చుక్కల ఎర్రది, పెళ్ళిళ్ళకి. నాలుగోది మీగడరంగు పట్టు, క్రిస్మసుకి. మా ఆయన ఒక దొరగారి పాత టై కుట్లు విప్పి, మడతలు చూసి పని పట్టుకున్నారు. లోపల ముతక గుడ్డ పెట్టకపోతే ముడి నిలవదు. అంచులు నేను చేత్తో కుట్టాను. ముడి ఎలా వెయ్యాలో మా ఆయన మెడకే కట్టి చూపించాను. మొదటి టై కట్టుకుని వీధిలోకి దిగినప్పుడు యోహాను గారి నడకే మారిపోయింది. నాకెంత సంతోషమేసిందో!

మూడోది కట్టుకున్న వారంలో చినబాబు వచ్చాడు. యోహాను గారి నాన్న పనిచేసే పెద్దరైతు రెండో కొడుకు. చదువు పేరుతో ఈ ఊళ్ళో ఉంటాడు. గుర్రబ్బండి దిగకుండానే కేకేశాడు.

“ఏరా టైలరూ, మా పాలేరు కొడుక్కి పట్టుగుడ్డ కుడుతున్నావంట?”

“గుడ్డ తెస్తే కుట్టడమే కదండీ బాబూ మా పని” అన్నారు మా ఆయన, చేతులు కట్టుకుని.

“మా అరుగెక్కని జాతిరా వాళ్ళది. ఇంకోటి కుట్టావో, వేళ్ళుండవు.”

బండి వెళ్ళిపోయాక మా ఆయన మీగడరంగు గుడ్డ మడిచి నా ముందు పెట్టారు. “వద్దు మార్తా. ఇది తిరిగి ఇచ్చేద్దాం” అన్నారు. నేను వినలేదు అన్నయ్యా. మీరు కుట్టకపోతే నేను కుడతానని గుడ్డ లాక్కున్నాను. నా మొండితనం నీకు తెలుసు కదా.

నాలుగోది పూర్తయిన రోజు పొద్దున్నే, కోర్టు తెరవకముందు, యోహాను గారు వచ్చి అద్దం ముందు కట్టుకుని చూసుకుంటున్నారు. ముడి కొంచెం పక్కకి పోయింది, సర్దుకోమని చెప్తున్నాను. ఇంతలో చినబాబూ, దుడ్డుకర్రలతో ఇద్దరు మనుషులూ లోపలికి వచ్చిపడ్డారు. ఒకడు మా ఆయన తల మీద కొట్టాడు. ఆయన మిషను మీదికి ఒరిగి కిందపడ్డారు. నెత్తురు కళ్ళల్లోకి కారింది. లేవబోతుంటే కుడిచేతి మీద ఇంకో దెబ్బ వేశారు. ఎముక చిట్లిన చప్పుడు నాకు వినబడింది.

చినబాబు ఆ పట్టు టైని గుప్పిటకి రెండు చుట్లు చుట్టుకుని యోహాను గారిని దూడని పలుపు పట్టి లాగినట్టు వీధిలోకి ఈడ్చాడు. ఆయన కాళ్ళు తట్టుకుని బోర్లాపడ్డారు. అయినా ఆపలేదు. కంకరరాళ్ళ మీద ఈడ్చుకెళ్తుంటే మోకాళ్ళు చీరుకుపోయాయి. ముడి బిగిసిపోయింది. అది జారకుండా నిలవాలని లోపల ముతక గుడ్డ పెట్టింది మేమే కదా! ఆయన మొహం నల్లబడింది, నాలుక బయటికి వచ్చింది. ఎదుటి ధాన్యం కొట్టాయన తలుపు వేసేసుకున్నాడు. కోర్టుకి వచ్చిన జనం చుట్టూ నిలబడి చూస్తున్నారు.

“బాబూ, చచ్చిపోతాడు, వదలండి!” అని కాళ్ళు పట్టుకున్నాను. కడుపులో తన్నాడు.

లేచి లోపలికి పరిగెత్తి పెద్ద కత్తెర తెచ్చాను. టై కోసేద్దామనే తెచ్చాను, దేవుడి సాక్షి. కానీ అది ఆయన మెడలోకి దిగిపోయింది, కత్తెర మొన దూరే సందు లేదు. అప్పుడు చినబాబు ముంజేతిలో పొడిచాను. గుప్పిట విడిపోయింది. ముడి వదులు చేసేసరికి యోహాను గారు ఈలవేసినట్టు ఊపిరి పీల్చారు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

హెడ్డు కానిస్టేబులు వచ్చి “ఎవరు పొడిచారు?” అని గద్దించాడు. కళ్ళు కనపడని ఆ నెత్తురులోంచే మా ఆయన “నేనేనండి” అన్నారు. “ఆయన కాదండి, నేను” అన్నాను. రెండు రోజులు స్టేషను చుట్టూ తిప్పారు. మూడో రోజు పెద్దరైతు మనుషులే వచ్చి, ఏ గొడవా జరగలేదని చెప్పి వెళ్ళారట. టైలరు పెళ్ళాం మా అబ్బాయిని పొడిచిందని కోర్టులో నలుగురి ముందు చెప్పుకోవడం వాళ్ళకి నామర్దా.

అంతటితో పోయిందనుకున్నాం. పోలేదు. వారం తిరక్కుండా ఊళ్ళో యోహాను గారి నాన్న గుడిసె తగలబెట్టారు. ఆర్పబోతే ముసలాయన్ని చింతబరికెలతో వీపు చిట్లేలా కొట్టి, ఎడమచెయ్యి విరిచారు. కాలవ పడవలో వచ్చారాయన, ఒంటి మీది పంచె తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడు మా వెనకగదిలోనే ఉంటున్నారు.

అన్నయ్యా, ఇక్కడ పైకి చదవడం ఆపెయ్యి.

నేను రెండుసార్లు పొడిచాను. మొదటి పోటుకే టై వదిలేశాడు. వదిలేసి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాడు, పారిపోతున్నాడు. అప్పుడు వెనకనుంచి భుజంలో మళ్ళీ పొడిచాను. అవసరం లేదని తెలుసు. తెలిసే పొడిచాను. కత్తెర దిగుతుంటే నాకు భయం వెయ్యలేదు, హాయిగా అనిపించింది. రెండు పోట్లూ పెనుగులాటలో తగిలినవే అనుకున్నారు అందరూ. మా ఆయనకి కూడా తెలియదు.

ఇక్కడి పాదిరిగారు కబురుపెట్టారు. “రక్తం చిందించావు. పశ్చాత్తాపపడ్డానని సంఘం ముందు ఒక్క మాట చెప్పు, తర్వాత ప్రభువు బల్లకి రా” అన్నారు. మంచాయన, కోపంగా అనలేదు. మొదటి పోటుకి పశ్చాత్తాపం లేదు. రెండోదాని సంగతి ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు. రెండు ఆదివారాలుగా రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి బల్ల దగ్గరికి వెళ్ళకుండా వెనక చాప మీదే కూర్చుంటున్నాను.

కానీ ముసలాయన విరిగిన చెయ్యి చూస్తుంటే తట్టుకోలేకపోయాను. ఆ రెండో పోటుకే వాళ్ళు అంత పగబట్టారేమో. నిన్న మధ్యాహ్నం ఆయనకి అన్నం పెడుతూ చెప్పేశాను. “తాతా, అతను వదిలేశాక మళ్ళీ పొడిచాను. నా మూలంగానే నీకు ఈ గతి పట్టింది” అన్నాను.

ఆయన ఎత్తిన ముద్ద కంచంలోకి దించారు.

“ఎక్కడ పొడిచావమ్మా?”

“భుజంలో.”

“లోతుగా దిగిందా?”

“దిగింది తాతా.”

ఆయన తల దించుకున్నారు. ముద్ద తిన్నారు. ఇంకో ముద్ద కలుపుకుని “కొంచెం పులుసు వెయ్యమ్మా” అన్నారు.

వేశాను. ఆయన కంచం ఖాళీ చేశారు. నేను మాత్రం పొయ్యి దగ్గరికి వెళ్ళి ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో ఇప్పటికీ తెలియదు.

మళ్ళీ పైకి చదువుకో. మా ఆయన చెయ్యి కట్టు ఇంకో నెల ఉండాలట. అందాకా మిషను నేనే తొక్కుతున్నాను, ఆయన పక్కన కూర్చుని కొలతలు చెప్తున్నారు. యోహాను గారికి గొంతు సగమే తిరిగొచ్చింది, మాట గరగరలాడుతుంది. మెడ మీది వాత కాలరు కింద దాచుకుని రోజూ కోర్టుకి వెళ్తున్నారు, టై మానలేదు. నేను కోసిపారేస్తానంటే మీగడరంగుది ఇవ్వనన్నారు. నెత్తురు మరక పోలేదు, దాన్ని కాఫీ కషాయంలో ముంచి గోధుమరంగు చేసిచ్చాను. ఇంకో ఇద్దరు గుమాస్తాలు కూడా వచ్చి టైలకి కొలతలిచ్చి వెళ్ళారు. వీధిలో బండి ఆగితే మాత్రం నా చెయ్యి దానంతటదే కత్తెర మీదికి పోతోంది.

పడవలో సన్న సూదులు, రెండు ఉండల తెల్ల దారం, కాసిని ఎండురొయ్యలు పంపండి. అమ్మని ఇక్కడికి బయలుదేరనివ్వద్దు, కాలవగట్లు జారుగా ఉన్నాయి. వదినకి కాన్పు కాగానే రెండు ముక్కలు రాయి.

నాకోసం రాయాల్సింది ఇంకొకటుంది, ఈ ముక్క మాత్రం పైకి చదవకు. నువ్వు ఉపదేశివి, పదిమందికి వాక్యం చెప్పేవాడివి. రెండో పోటుకి నేను పశ్చాత్తాపపడాలా అని అడగడం లేదు, పడాలని నాకు తెలుసు. రాకపోతే ఏం చెయ్యాలో చెప్పు. ఉపదేశిగా వద్దు, మా అన్నయ్యగా రాయి.

అమ్మ పాదాలకి నా నమస్కారాలు. వదినకి, పేటలో పెద్దలందరికీ మా వందనాలు. చిట్టికి ముద్దులు. మా ఇద్దరినీ దీవించమని అమ్మతో చెప్పు. దీవెన అడగడానికి నాకింకా ధైర్యం చాలడం లేదు, నువ్వే అడుగు.

నీ చెల్లెలు,
మార్తమ్మ