సీతమ్మ సంచి

జూన్ 3, మంగళవారం

ఇద్దరు కుర్రాళ్లు టేపు పట్టుకుని మన హోటల్ ముందు గోడ కొలుస్తున్నారు. మునిసిపాలిటీ వాళ్లా అని అడిగితే ఒకడు ఔనన్నాడు, ఇంకొకడు కాదన్నాడు. పైగా ఇడ్లీ తిని, బాగుందండీ అని మెచ్చుకుని మరీ వెళ్లారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎవరు పంపారో నాకు తెలియదా? బందరులో పోర్టు పనులు మొదలయ్యాక ఈ వీధిలో పెంకుటిళ్లన్నీ అపార్ట్‌మెంట్లు అయిపోతున్నాయి. మిగిలింది నాన్న పెట్టిన రాజారత్నం హోటలే. బిల్డరు కన్ను దీని మీదే. ప్రేమ్ సాగర్ అన్నయ్య, నేను ఇద్దరం సంతకం పెడితేనే అమ్మడం కుదురుతుంది. అన్నయ్య ఎప్పుడో రెడీ. నేను చచ్చినా పెట్టను.

జూన్ 5

అన్నయ్య ఫోన్. ఈసారి అమ్మకం మాటే ఎత్తలేదు, ఆశ్చర్యం! హోటల్ ఎందుకు నష్టపోతోందో ఎప్పుడైనా ఆలోచించావా దీవెనా అన్నాడు. శనివారం సీతమ్మ ఇంటికెళ్లేటప్పుడు చేతిలో సంచి చూడమన్నాడు.

సీతమ్మ నా చిన్నప్పటి నుంచీ ఇక్కడ వంటమనిషి. ఛ, నమ్మను. కానీ మధ్యాహ్నమంతా ఆవిడ చేతులే చూస్తూ కూర్చున్నాను.

జూన్ 7, శనివారం సాయంత్రం

సంచిలో బియ్యం. మన స్టోర్ రూమ్ బియ్యమే.

నిలదీస్తే, అమ్మగారు చెయ్యమన్నదే చేస్తున్నానమ్మా అంది. కొంచెమైనా బెదరలేదు. చచ్చిపోయిన మా అమ్మ మీదకి తోస్తావా దొంగా అని అరిచేశాను. ఇంకేదో చెప్పబోతే విననేలేదు. రేపటి నుంచి రావద్దన్నాను. సంచి అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

ఆ టేపు కుర్రాళ్లకి లోపలి సంగతులు చెప్పింది కూడా ఈవిడేనేమో.

జూన్ 10

గుడివాడ నుంచి రప్పించిన కొత్త వంటాయన సాంబారు నోట్లో పెట్టుకోలేం.

జూన్ 13

వంటాయన చెప్పాపెట్టకుండా పోయాడు. రోజూ వచ్చేవాళ్లంతా బైపాస్ రోడ్డు హోటల్‌కి వెళ్తున్నారట. అన్నయ్య వచ్చి ఎంతో ప్రేమగా, నీకెందుకే ఈ తలనొప్పి అన్నాడు. సోమవారం సంతకం పెడతానన్నాను. అన్నయ్య వెళ్లాక బాగా ఏడ్చాను.

జూన్ 15, ఆదివారం

హోటల్ ఎలాగూ మూసే ఉంది కదా అని ఎన్నేళ్లకో చర్చికి వెళ్లాను. ఆడవాళ్లంతా పిడికెడు బియ్యం సంచులు తెచ్చారు. వండే ప్రతిసారీ ఓ పిడికెడు తీసి దేవుడి పేరున దాచిన బియ్యం. మా ఇంట్లో అమ్మ తీసేది. అది అమ్మతోనే ఆగిపోయిందనుకున్నాను.

బయటికొస్తుంటే జీవానందం పాస్టరు గారు ఆపారు. రెండు వారాలుగా మీ హోటల్ సంచి రాలేదేమ్మా, సీతమ్మగారికి ఒంట్లో బాగాలేదా అని అడిగారు. ఉప్పెన ఏడాది దివిసీమ వాళ్లకి మన హోటల్లో వండిపెట్టినప్పుడు అమ్మ మొదలుపెట్టిందట. అమ్మ పోయాక కూడా సీతమ్మ ఒక్క వారం తప్పలేదట.

ఇంకోటి గుర్తొచ్చింది. ప్రతి ఆదివారం ఆ సంచులు అందుకుని డ్రమ్ములో పోసేది సంఘ పెద్ద. అంటే మా అన్నయ్య. ఇవాళా తనే పోశాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

అటు నుంచి అటే సీతమ్మ ఇంటికి వెళ్లాను. కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. తప్పయిపోయిందన్నాను. పర్లేదమ్మా అంది. రమ్మంటే మాత్రం రానంది. దొంగ అన్నాక ఆ స్టోర్ రూమ్‌లో చెయ్యి పెట్టలేనమ్మా అంది.

జూన్ 16, ఉదయం

కాగితాలు తీసుకుని బయల్దేరానని అన్నయ్య మెసేజ్. రానీ.

హోటల్ తెరిచాను. నేనే ఎసరు పెట్టాను. పిడికెడు బియ్యం తీసి సీతమ్మ సంచిలో వేశాను. ఆదివారం ఇది అన్నయ్య చేతికే ఇస్తాను.